బాకీ పుస్తకం

మధ్యాహ్నం మూడైతే
స్టేషన్ గోడ నీడ నా బండి మీదికొస్తుంది.
అప్పటిదాకా ఎండా నాదే, బొగ్గుల సెగా నాదే.

పదహారేళ్లుగా ఖాకీ ఇస్త్రీ చేస్తున్నా.
ఏ చొక్కా కాలరు ముందు చిరుగుతుందో
ఏ జేబులో వక్కపొడి రాలుతుందో
నన్నడిగితే చెబుతా.
మడత కత్తిలా నిలబడాలి,
వాళ్లు నన్నడిగేది అదొక్కటే.
డబ్బులు నేనడగను.
ఎర్రట్ట పుస్తకంలో రాసుకుంటా:
తేదీ, వేళ, ఎన్ని జతలు, తెచ్చిన మనిషి.
"ఇయ్యకపోయినా రాసుకో చెంగా,
రాసిందానికి నోరుంటాది" అనేవాడు నాయన.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం
తెల్లారుజాము నాలుగున్నరకి
హోంగార్డు మీరావలి తడిచొక్కా తెచ్చాడు.
నీళ్లింకా కారుతున్నాయి.
"ఎస్సై గారిది. బేగి కావాలక్కా."
నా మొహం చూడలేదు.
కుడిచేతి అంచున
సబ్బుతో రుద్దీ రుద్దీ
అరచేతంత మేర రంగు వెలిసిపోయింది.
పెట్టె ఆనించగానే ఆవిరి లేచింది.
ఆ వాసన
పురుడు పోసిన ఆడదానికి తెలుస్తుంది.

ఆ రాత్రే తుమ్మలపెంట కుర్రాడు వెంకటరత్నం
రొయ్యల మేత దించి తిరిగొస్తా
ట్రంకు రోడ్డు తనిఖీలో ఆటో ఆపలేదంట.
ఆపాడంట, ఎదురు మాట్లాడాడంట.
తాగాడంట.
ఆసుపత్రి కాగితంలో 'జారిపడ్డాడు' అని ఉంది.
జారిపడేంత నున్నటి గచ్చు
స్టేషన్లో యాడుందో
పదహారేళ్లలో నేను చూడలేదు.

"నాలుగు తగిలిస్తేగాని వినరబ్బయ్యా ఈ కాలం కుర్రోళ్లు"
అన్నాడు టీకొట్టు దగ్గర రిటైరు మేష్టారు.
"ఆ గుడ్డ తొడిగితే అందరూ అంతే"
అంది పూలమ్మే కాంతమ్మ.
పది సెకన్ల వీడియో బయటికొచ్చాక
మేష్టారు టీ సగంలో వదిలేశాడు.
ఎస్సైని వీఆర్‌కి పంపారు.
ఆ రెండక్షరాలకి అర్థం తెలీకపోయినా
ఊరంతా పెద్ద శిక్షేననుకుంది.

అందరూ అంతేనా?
కానిస్టేబుల్ సరోజిని ఆ రాత్రి డైరీలో
ఉన్నది ఉన్నట్టు ఒక వరస రాసిందంట.
వారం తిరక్కుండా ఉదయగిరికి బదిలీ.
పోతా పోతా నా దగ్గర ఆగి
నూట డెబ్బై రూపాయలు లెక్కబెట్టి ఇచ్చింది.
ఆమె పేజీకి అడ్డగీత కొట్టాను.
నా పుస్తకంలో తీరిన బాకీ అదొక్కటే.

విచారణకి నెల్లూరు నుంచి ఒక పెద్దాఫీసరొచ్చాడు.
మర్యాదగానే అడిగాడు:
"ఆ తెల్లారి యూనిఫాం ఏదన్నా వచ్చిందా అమ్మా?"
ఆయన వెనక మీరావలి.
మొదటిసారి నా కళ్లలోకి చూస్తున్నాడు,
ముగ్గురు ఆడపిల్లల తండ్రి.
నా బండికి లైసెన్సు లేదు.
గోడ వాళ్లది, నీడా వాళ్లదే.
"గుర్తులేదు సార్."
పుస్తకం బొగ్గుల గోతం కింద ఉంది.
ఆయన రాసుకున్నాడు.
నా మాట
కత్తిలా మడతపడింది.

నలభై రోజులకి ఎస్సై ఇంకో ఊళ్లో చేరాడు.
"వాళ్లనెవరేం చేస్తారు" అంది ఊరు.
నేనూ అన్నా, అందరికంటే గట్టిగా.

మా ఊరి పేరే కావలి.
చిన్నప్పుడు పలక మీద ఆ మూడక్షరాలు దిద్దుతా
కావలికి కావలెవరని చెల్లెలు అడిగితే
నాయన నవ్వి, దిద్దు దిద్దు అన్నాడు.

నిన్న వెంకటరత్నం వాళ్లమ్మ వచ్చింది.
సంచిలోంచి తెల్లచొక్కా తీసింది.
కమిషన్ వాళ్ల ముందు నిలబడాలంట వాడు,
కుడిచెయ్యి ఇంకా పైకి లేవదంట.
"మడతల్లేకుండా చెయ్యమ్మా,
నలిగిన గుడ్డల్తో పోతే
మా మాట ఎవరు నమ్ముతారు?"

అలవాటుగా పుస్తకం తీశాను.
తేదీ వేశాను, వేళ వేశాను.
గాలికి కాగితాలు వెనక్కి తిరిగి
ఫిబ్రవరి దగ్గర ఆగాయి.
"ఏం రాస్తన్నావమ్మా?" అంది.
ఆమెకి చదువు రాదు.
నాకొచ్చు.

చొక్కా నా దగ్గరే ఉంది.
రేపు పొద్దున వస్తానంది.