గుల్ల సున్నం, మాడిన నూనె

రాత్రి పదింటికి మూకుడు దింపి
పునుగుల బండి బుల్లియ్య
నల్లబడ్డ నూనెని నాకోసం పక్కన పెడతాడు.
"ఏం చేసుకుంటావయ్యా మరిడియ్యా, ఈ మడ్డి?"
"బండికి పోస్తానండీ."
"నా బండికేనా?" అంటాడు, చట్రం తుడుచుకుంటూ.

నర్సాపురం పాలిటెక్నిక్ కెమిస్ట్రీ ల్యాబులో
అటెండర్ని.
ఇరవై రెండేళ్లుగా గాజు కడుగుతున్నాను.
కడిగేవాడికే ముందు తెలుస్తుంది
ఏ ప్రయోగం గట్టెక్కిందో, ఏది అడుగంటిందో.

మొదటిది అడుగంటింది.
ప్రవల్లిక మేడం కాస్టిక్ సోడా కొనుక్కొచ్చి కలిపారు.
సగం డీజిలు, సగం సబ్బు,
జాడీ నిండా తెల్లటి జావ.
మూడు బిందెలు కుమ్మరించినా నురగ తగ్గలేదు.
వారం రోజులు ఆ జావతోనే బల్లలు తోమాను.
బల్లలు మాత్రం, ఒట్టు, అద్దాల్లా మెరిశాయి.

కరిగిపోయేది వద్దు, కరగనిది కావాలి,
పని చేసిపెట్టి అడుగున కూచునేది,
వడకట్టి మళ్లీ పిలిస్తే వచ్చేది,
అదీ చవగ్గా
అని మేడం బోర్డు మీద రాస్తూంటే
నాకు సూరమ్మ పెద్దమ్మ గుర్తొచ్చింది.

మొగల్తూరు అవతల ఉప్పుటేరు గట్టున
ఆవిడది గుల్లబట్టీ.
ఒక వరస బొగ్గు, ఒక వరస గుల్ల.
సిమెంటొచ్చాక గోడలు ఆవిణ్ణి మరిచిపోయాయి,
తమలపాకులే ఇంకా పేరు పెట్టి పిలుస్తున్నాయి.
"ఎంత వేడి ఉండాలి పెద్దమ్మా?"
"చూసే కన్ను నొప్పెట్టేంత."
మేడం కొలిమిలో అది తొమ్మిది వందల డిగ్రీలు.

ఫారంలో ఒక గడి ఉంది, ఉత్ప్రేరకం సరఫరాదారు అని.
నేనే నింపాను:
సూరమ్మ, గుల్లబట్టీ, ఫోను లేదు.
ధర: గంప నలభై, మోసినందుకు టీ.

మా లంకల్లో గాలే సగం నీళ్లు.
కాల్చిన పొడి రాత్రి మూత తీసి పెడితే
తెల్లారేసరికి గాలిని తాగేసి చల్లారిపోతుంది.
దాహం తీరిన సున్నం నూనె వంక చూడదు.
పాత హార్లిక్స్ సీసాలో పోసి మూతకి మైనం పూశాను.
నూనెని కూడా కాచాను, వెన్న కాచినట్టే,
కంటితో కాదు, చెవితో,
చిటపట ఆగేదాకా.

తర్వాత మిథనాలు. దాని దగ్గర బీడీ మాట కూడా ఎత్తకూడదు.
నాలుగు చెంచాల పొడి.
అరవై దాటనివ్వకుండా మూడు గంటలు తిప్పుడు.
పొద్దున్న చూస్తే
పైన తేనె రంగు, కింద బెల్లప్పాకం లాంటి గ్లిజరిను,
అట్టడుగున
ఏమీ ఎరగనట్టు మా గుల్ల.

పిలిస్తే వచ్చింది. రెండోసారీ వచ్చింది.
నాలుగోసారి కూడా.
ఐదోసారి బద్ధకించింది.
మేడం మొహం చిన్నబోయింది.
"మళ్లీ కాల్చండమ్మా" అంది సూరమ్మ, నోట్లో ఆకు పెట్టుకుని,
"మనిషికంటే ఒక్కసారే కాలడం.
గుల్లకేం?"

లోసరి దగ్గర తిరుమలరాజు గారి రొయ్యల చెరువు.
ఆ రాత్రి కరెంటు పోయింది.
తిరుగుళ్లు ఆగిపోయాయి, నీటి మీద మీసాలు లేచాయి.
డీజిలు క్యాను ఖాళీ.
మాది ఐదు లీటర్లుంది.
"ఇంజను పాడైతే?" అన్నారు రాజుగారు.
"రొయ్య పోతే?" అన్నారు మేడం.
జనరేటరు రెండుసార్లు దగ్గింది,
మూడోసారి గొంతు సవరించుకుని అందుకుంది.
నాలుగు మూలలా నీళ్లు ఎగిరాయి.

కాపలా ఏసుపాదం గట్టు మీద ముక్కెగరేసి
"ఎవరో పునుగులేస్తన్నారండీ, ఆయ్" అన్నాడు.
పొగ వాసన అది.
రెండింటి రాత్రి, నడి చెరువుల్లో
నలుగురికీ ఒకేసారి ఆకలేసింది.

రెండు గంటలకి కరెంటొచ్చింది.
ఐదు లీటర్లతో ఏం మారిందంటే
నాకు తెలీదు, లెక్క మేడం దగ్గరుంది.
పొద్దున్న ల్యాబుకొచ్చి
జాడీ కడిగాను.
మొదటి చెంబుకే నీళ్లు తేటగా వచ్చాయి.
నురగ లేదు.