మూడో నంబరు జెండా

రాత్రి రెండూ ఇరవై.
హార్బరు వైపు అద్దం మీద ఉప్పు పేరుకుంది,
వేలితో రాస్తే అక్షరం నిలుస్తుంది.
హేమసుందర్ కుర్చీలో వెనక్కి వాలి
"అక్కా, పోయింది" అన్నాడు.

ఏం పోయిందో అడగక్కర్లేదు.
ఒక కిటికీలో కొట్టాల్సింది ఇంకో కిటికీలో కొట్టాడు.
ముందు సుడో, వెనక ఒక గీత, ఒక చుక్క.
నలభై ఒక్క ఓడల బెర్తుల పట్టిక
రెప్పపాటులో ఖాళీ.
"నన్నొక్క మాట అడగలేదక్కా అది."

బ్యాకప్పులో ముప్ఫై తొమ్మిది దొరికాయి.
మిగతా రెండూ డాల్ఫిన్స్ నోస్ అవతల
లంగరేసి, దీపాలు పెట్టుకుని,
ఎవరు పిలుస్తారా అని చూస్తున్నాయి.

తెల్లారి మీటింగులో సత్యప్రసూన గారు
"ప్రతిసారీ ఎర్రటి హెచ్చరిక రావాలి" అన్నారు.
అందరూ తలలూపారు. నేను ఊపలేదు.

మొదటిసారి వస్తాయిగా మూడు ముక్కలు:
పక్కవాడి గుట్టు పక్కవాడిదే,
కొట్టే ముందు ఆలోచించు,
చేతికి బలమొచ్చింది గనక బరువూ వచ్చింది.
పెళ్లిలో మంత్రంలా.
ఎవరు విన్నారు?
అక్షింతలు గుప్పిట్లో పట్టుకుని
భోజనాల వరస వైపు చూస్తున్నవాళ్లమే అందరం.

మా చినాన్న గరికిన తాతయ్యలు, జాలారిపేట సరంగు.
అక్టోబరు నెలంతా పోర్టులో జెండా.
ఒకటో నంబరు, మూడో నంబరు, దించడం, మళ్లీ మూడు.
మైకు బండి వీధులన్నీ తిరిగి గొంతు పోగొట్టుకునేది.
చినాన్న వల భుజానేసుకుని అనేవాడు,
"జెండా రోజూ ఎగరేత్తే అది జెండా కాదే గుంటా,
ఆరేసిన సీర."
నవ్వాం.
ఆ ఏడు కొండమ్మ కొడుకు బోటు తిరిగి రాలేదు.
ఆ పొద్దూ ఎగిరింది.
చీరా, జెండా?
ఇప్పటికీ తేల్చుకోలేదు నేను.

ఇంకోసారి, ఏ జెండా లేని రోజు,
గంగవరం దాటాక నీళ్ల రంగు చూసి
చినాన్న బోటు తిప్పేశాడు.
ఎందుకంటే, "సెయ్యి ఆగింది" అన్నాడు. అంతే.

పాస్‌వర్డు కొట్టేటప్పుడు తెర మీద ఏమీ పడదు,
చుక్కయినా.
కొత్తవాళ్లు కీబోర్డు పాడైందనుకుంటారు.
నాకా చీకటి ఇష్టం.
చెయ్యి ఆగాలంటే అక్కడే ఆగాలి.
కానీ వరసగా మూడో రాత్రి డ్యూటీ చేస్తున్న కుర్రాడి చెయ్యి
ఎక్కడ ఆగుతుంది?

ఇదంతా మీటింగులో చెప్పాలనుకున్నాను.
నోరు పెగల్లేదు.
ఎందుకంటే ఒకప్పుడు ఈ మిషన్లోనే ఉండేదొక ప్రశ్న:
ఖాయమేనా? అవునా, కాదా?
అవును అవును అవును అని కొట్టీ కొట్టీ విసిగి
ఒక వాన మధ్యాహ్నం తీసేసింది నేనే.
లాగ్‌లో ఉంది. నా పేరు, తేదీ, మూడూ పదకొండు.
ఎవరూ వెతకలేదు. నేను వెతికాను.

సాయంత్రం సత్యప్రసూన గారికి ఆ వరస చూపించి,
కూర్చుని కొత్తది రాశాను.
ఎరుపు లేదు. ఖాయమేనా అని అడగదు.
మామూలు పనులకు నోరు మూసుకునే ఉంటుంది.
తుడిచేసే పనికి మాత్రం ఇలా అంటుంది:
ఇందులో నలభై ఒక్క ఓడలున్నాయి.
ఒకదాని పేరు రాసి పంపు.

హేమసుందర్ పరీక్షించాడు.
'జలపుష్ప' అని సగం రాసి
కిటికీలోంచి బయటికి చూశాడు.

రెండు నెలలకు ఇదీ ఆరేసిన చీర అవుతుందేమో.
అప్పుడు మళ్లీ మారుస్తాను.
ముందు ఆ అద్దం తుడవాలి.