గరుకు బండ

మా వంటింట్లో కడప బండొకటి గోడకు ఆనించింటుంది.
అరుగు మీదకని నాన్న తెచ్చినాడు,
మూల విరిగిందని అట్లే నిలబెట్టేసినాడు.
ఎర్రగుంట్లలో పాలిషు మిషను కాడ
రోజుకు నూరు బండలు నునుపు చేసే మనిషి
ఇంటి బండను మటుకు ముట్టుకోలేదు.
సుద్దముక్క బాగా పట్టుకుంటుంది, నాకదే చాలు.

ఎడమ పక్క నా పరుగు, కుడి పక్క నా లెక్కలు.
నడిమధ్య గీత మా తమ్ముడు స్కేలు పెట్టి గీసినాడు,
అయినా వంకరే.

డ్రిల్లు సారు దసరాకు ముందే బదిలీ మీద
రాజంపేటకు పోయినాడు.
విజిలు ఆయన జేబులోనే పోయింది.
ఎనిమిదొందల మీటర్లంటే
బడి గోడ చుట్టూ మూడు చుట్లు, ఆపైన బోరింగు దాకా.
సెల్లు చేతిలో పట్టుకుని
నేనే పరిగెత్తాల, నేనే నొక్కాల.

నాలుగున్నరకు సిమెంటు లారీలు
మిట్ట కాడ గేరు మార్చే మోతకు లేస్తా.
లేస్తానంటే, లేచినప్పుడే లేండి.
దుప్పట్లో కాళ్ళు రెండూ
"ముందు నువ్వు పో" అని ఒకదాన్నొకటి తోసుకుంటాయి.
రాత్రి సంగటి తిని త్రికోణమితి ముందేసుకుంటే
సైన్‌లూ కాస్‌లూ వచ్చి రెప్పల మీద కూచుంటాయి.

గురువారం లెక్కల ప్రీఫైనల్.
శనివారం కడపలో సెలక్షన్లు.
మంగళవారం పొద్దున నేను లేవలేదు.

ఏడింటికి లేచి, మొగమన్నా కడగకుండా
ఎడమ పక్క రాసినా:
రెండు నిమిషాల ముప్పై ఒకటి.
ముప్పై అంటే నమ్మబుద్ధి కాదని,
ముప్పై రెండంటే నిన్నటిదేనని,
ఎంత నేర్పుగా ఏరుకున్నానో!
ఎవరి కోసమో ఇప్పటికీ తెలీదు.
నాన్న అటు తిరిగి చూడడు. అమ్మకు తీరదు.
సారు రాజంపేటలో ఉన్నాడు.

సాయంత్రం అవ్వ తడిగుడ్డతో బండ తుడుస్తాంది.
అవ్వకు అంకెలు రావు.
కుడి పక్కంతా తుడిచి, ఎడమ పక్క ఆగింది.
"మేయ్ ఓబుళా, ఇది ఉంచేదా?
రోజూ కోడి గీకినట్టు రాస్తావు,
ఈ పొద్దు ముగ్గేసినట్టు రాసినావే."

నిజమే.
పరిగెత్తి వచ్చినప్పుడు చెయ్యి వణుకుతుంది,
మూడు ఎనిమిది మాదిరి పడుతుంది.
ఇది మాత్రం కాపీపుస్తకంలో అచ్చు లాగా కూచోనుంది.

నేనేమీ అనలేదు. బూట్లు కట్టుకున్నా.

చీకటి పడింది. బజ్జీల బండి కాడ మొగపిల్లోళ్ళు
ఏందో అన్నారు, వినపడలేదు.
మూడో చుట్టులో డొక్కలో సూది దిగింది.
బోరింగు తాకి నొక్కితే
రెండు నిమిషాల నలభై నాలుగు.
ఇంటికొచ్చి ముప్పై ఒకటిని అరచేత్తో తుడిచి
ఆ తడి మీదే రాసినా.
రెండో నాలుగు జారి, మూల విరిగిన కాడికి పోయింది.

తర్వాత కుడి పక్కకు జరిగి కూచున్నా.
సెల్ టవరు ఎత్తెంత?
ముప్పై డిగ్రీలు, అరవై డిగ్రీలు, నడుమ ఇరవై మీటర్లు.
రెండుసార్లు తప్పింది.
మూడోసారి పది రూట్ మూడు వచ్చింది.
చెయ్యి పుస్తకం చివరి పేజీల దాకా పోయింది, జవాబు చూద్దామని.
పుస్తకం మూసి తొడ కింద పెట్టుకుని
మొదట్నుంచి మళ్ళీ చేసినా.

పదిన్నరకు నాన్న వచ్చినాడు,
కనుబొమల మీద రాతిపొడితో.
ఏమనిపించిందో, బండ ముందు నిలబడి
రాసిన చోటు వదిలేసి, అంచును వేలితో తడిమినాడు.
"మరీ గరుకుగా ఉంది, పాలిషు పట్టించేదా పాపా?"

"వద్దు నాయనా," అంటి,
"సుద్ద జారిపోతాది."