ముందు వరుస

మా కుర్చీ అద్దె ఏడు రూపాయలు.
కూర్చున్నా ఏడే, కూర్చోకపోయినా ఏడే.
పెళ్ళికైనా పెద్దకర్మకైనా
ఈ మాట ముందే చెప్పేస్తాను.

నెల నెలా మూడో శనివారం
ద్వారకానగర్ లైబ్రరీ మేడమీద ప్రసంగం.
మాట్లాడేది విస్సంశెట్టి హైమవతి గారు,
భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల్ని
ముప్ఫై ఏళ్ళు కొలిచి కొలిచి రిటైరైన మనిషి.
"దాలినాయుడూ, ఎనభై కుర్చీలు వెయ్యి.
ముందు వరుస పన్నెండూ ఖాళీగా ఉండాలి."
వీఐపీలా మేడమ్?
"కాదు. ఇంకా పుట్టనివాళ్ళు."

పుస్తకంలో రాసుకున్నాను:
పుట్టనివాళ్ళు, పన్నెండు, ఎనభై నాలుగు రూపాయలు.
అడ్వాన్సు ముట్టింది.

హలో హలో, ఒకటి, రెండు, మూడు.
ఇరవై రెండేళ్ళ సర్వీసులో
మూడు దాటి లెక్కపెట్టిన పాపాన పోలేదు నేను.
ఆవిడ మైకు అందుకుని వేలల్లో మొదలెడతారు.
సముద్రం ఒకప్పుడు ఇంకా ఎంతో దూరాన ఉండేదట,
గాలి ఇసుకను ఎత్తి తెచ్చి పోసిందట,
ఎవరూ ఆర్డరివ్వకుండానే.
తర్వాత ఇటు తిరిగి
రాబోయే వేల ఏళ్ళలోకి నడుస్తారు,
అదేదో ఆర్టీసీ కాంప్లెక్స్ అవతలి వీధి అన్నట్టు.

జనం ఇరవై ముగ్గురు.
ఏసీ కోసం వచ్చినవాళ్ళు అయిదుగురు.
కింద చోటు దొరక్క
గ్రూప్ టూ పుస్తకాలతో పైకొచ్చిన పిల్లలు నలుగురు.
పోర్టు పెన్షనరొకాయన గురక మాత్రం
నా మైకు శుభ్రంగా పట్టేది.

"మనవడు. మునిమనవడు. ఇనిమనవడు.
ఆ తర్వాతి మనిషిని ఏమని పిలుస్తారు,
ఎవరైనా చెప్పండి" అన్నారు ఆవేళ.
ఎవరూ చెప్పలేదు.
పెన్షనరు కూడా లేచి కూర్చున్నాడు.
నా ఆంప్లిఫయర్ ఒక్కటే
ఊఁ... అంటూ ఉంది.

అప్పుడొచ్చింది పోలమ్మ.
పెద జాలరిపేట. చేపల తట్ట వాచ్‌మన్ దగ్గర దించి,
ఒడ్డు గురించి ఏటో సెప్తున్నారంటే ఇందామని.
మోకాళ్ళు పట్టుకుని నడిచి నడిచి
తిన్నగా ముందు వరుసలో మూడో కుర్చీ.

వాలంటీరు కుర్రాడు పరిగెత్తాడు.
"అమ్మా, అందులో కూర్చోకూడదు.
అవి పుట్టబోయేవాళ్ళవి."
ఆవిడ వాణ్ణి చూసింది. కుర్చీల్ని చూసింది.
"ఓళ్ళొచ్చీదాకా కూకుంతాను బావూ.
ఒచ్చేక లెగుత్తాను."

హాలంతా నవ్వింది.
హైమవతి గారు నవ్వలేదు,
చేతిలో కాగితాలు మడిచి బల్లమీద పెట్టేశారు.
నాకూ నవ్వు రాలేదు,
కారణం వేరు.

ఆ పన్నెండు కుర్చీలూ
హుద్‌హుద్‌కి గోడౌన్ రేకు మీదపడి
దెబ్బతిన్నవి.
బీటలు తీసినవి, వెనక కాలికి ఇనప తీగ చుట్టినవి.
బాగున్నవి వెనక వేసి
ఇవి ముందు వేసేవాణ్ణి, ఏడాదిగా.
ఎవడు కూర్చోవచ్చాడు?
అద్దె మాత్రం పూర్తిగా పుచ్చుకున్నాను.

ఆ గంటసేపు
వెయ్యేళ్ళూ లేవు నాకు, పదివేలూ లేవు.
ముసలమ్మ కాస్త కదిలితే చాలు
మిక్సరు మీద వేళ్ళు బిగుసుకుపోయేవి.
ఆవిడేమో ముందుకి వంగి వింటూ,
తాత వల లాగిన చోటు
ఇప్పుడు నీట్లో ఉందని చెప్పడానికి ఓసారి,
ఆ నీరు ఇంకెంత లోపలికొస్తుందని అడగడానికి ఓసారి
లేచి నిలబడి, మళ్ళీ
ఆ కుర్చీలోనే
దబ్బున కూలబడుతూ.

విరగలేదు.
తట్ట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

బిల్లు ఇంకా పంపలేదు.
మేడమ్ రెండుసార్లు ఫోన్ చేశారు.
మళ్ళీ మూడో శనివారం వస్తోంది.
తాటిచెట్లపాలెం గోడౌన్లో లైటేసుకుని
ఒక్కో కుర్చీలోనూ కూర్చుని
ఇటూ అటూ ఊగి చూస్తున్నాను.
ఇప్పటికి నలభై అయ్యాయి.
తొమ్మిది తేలాయి.