పిడి

రాత్రి అప్‌డేట్ అంటే సరేనన్నా.
తెల్లారి షట్టరెత్తి మిషన్ ఆన్ చేస్తే
తెర కింద పట్టీ లేదు.

కింద ఎడమ మూల, పదకొండేళ్లుగా
నా బాణంగుర్తు పోయి వాలే చోటు,
అప్పుడే అలికిన అరుగులా నున్నగా ఉండాది.
ఊడిన పన్ను చోటికి నాలుక పోయినట్టు
మాటిమాటికీ అక్కడికే పోతా ఉంది చెయ్యి.

దుర్గం కొండ నీడ ఇంకా మా సందు దాటలేదు.
అప్పటికే పెంచల నరసయ్య అడంగలు కోసం నిలబడినాడు.
"ఏందమ్మే, కరెంటు లేదా?"
కరెంటు ఉండాది అన్నా. దారే లేదు.

ఊరికే వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇది,
తిరగేసి చూస్తే కుట్లన్నీ కనబడే రకం.
కావలి కాలేజీ పిల్లోడొకడు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి
"ఇది మనందరిదీ అక్కా" అని ఎక్కించి పోయినాడు.
అందరిదీ అంటే నాదీ అనుకున్నా.
అంతమాత్రం తెలుగు నాకూ వచ్చు.

వంకర ఇంగ్లీషులో, మర్యాదగానే రాసినా:
అయ్యలారా, అమ్మలారా, ఆ పట్టీ యాడ పెట్టినారు?
జవాబు రెండే వాక్యాలు.
చూపు చెదరకుండా ఉండాలని తీసేశాం.
అలవాటు పడండి.

చూపు చెదరకుండా!
నా కొట్లో చూపు చెదరకపోతే పూట గడవదు.
ఒక కంట జిరాక్సు, ఒక కంట పెళ్లికార్డు,
వాకిట్లో ఆటోవాడి హారను, వెనకగదిలో కుక్కర్ కూత.
వాళ్ల బల్లల మీద ఏముంటుందో మరి,
ఒక మనిషి, ఒక పని, ఒక కప్పు కాఫీ.

కోపమొచ్చి ఇంకోదానికి మారినా.
అది నిజంగానే నలుగురూ కలిసి చేసింది.
ప్రతిదానికీ ఓట్లు, ప్రతిదానికీ ఒక మీట,
గడియారాలే తొమ్మిది రకాలు.
చెత్తబుట్టకి మూత ఉండాలా వద్దా అని
రెండేళ్లు కొట్లాడుకున్నారంట, తేలలేదంట.
నా పట్టీ దొరికింది. పైనా, కిందా, పక్కనా,
నెత్తిన పెట్టుకుంటానన్నా కాదనరు.
కానీ ప్రింటు తీస్తే
లక్ష్మిలో క్ష విరిగి
శుభలేఖంతా వడ్లు ఒలికినట్టు.
అది ఎవరికీ ఇష్టంలేని పని,
నలుగురిలో ఎవరి వంతూ కాదు.

అక్కడ, నేను తిట్టి వచ్చిన చోట,
ఎవరో ఒకరు ఊ అన్నారు,
వారంలో క్ష నిలబడింది.
ఈ మాట ఒప్పుకోడానికి
గొంతులో చేపముల్లు పడినట్టుంది నాకు.

ఇప్పుడు పెళ్లికార్డులకి అది, మిగతాదానికి ఇది.
ఒకే మిషన్లో రెండు కాపురాలు.

పక్కకొట్లో గౌసియాబీ చెక్కగంటెలు చేస్తుంది.
నర్ది కట్టె పొట్టు నా కీబోర్డు దాకా ఎగిరొస్తుంది.
మధ్యాన్నం అడిగినా,
ఈ పిడికి వంపు ఎవరు పెట్టినారు గౌసియా?
ఆకురాయి ఆపకుండానే చెప్పింది:
"కట్టె కొంత. చెయ్యి కొంత.
మా అత్త తిట్లు కొంత."

గూట్లో ఒక గంటె విడిగా ఉండాది,
వంపు అటుపక్కకి, ఎడమచేతి వాటానికి.
ఎవరడిగినారంటే ఎవరూ అడగలేదంట.
ఎప్పుడో ఒకామె గంటెని తిరగేసి పట్టుకుని చూసి
కొనకుండా బస్సెక్కిందంట.
ఆమె ఒక్క మాటా అనలేదు.
ఆ చెయ్యి తిరిగిన తీరే గౌసియా గుర్తుపెట్టుకుంది.

రాత్రి కొట్టు కట్టేముందు
ఇద్దరికీ మళ్లీ రాసినా.
సెట్టింగులు అన్న చోట
తెలుగులో సర్దుబాట్లు అని పెట్టండి.
మీరు కొంచెం జరగండి, నేనూ జరుగుతా,
అని కూడా రాసి, కొట్టేసి
మాట ఒక్కటే పంపినా.
ఒక ఇంటినుంచి పలుకు లేదు.
ఇంకో ఇంట్లో ఏడుగురు కాదన్నారు,
ఒకాయన వ్యాకరణం ఎత్తుకున్నాడు.
ఇంకా నడస్తా ఉంది.

పొద్దున్నే నరసయ్య మనవరాలి పెళ్లికార్డు.
బాణంగుర్తు అలవాటుగా ఎడమ మూలకి పోయింది.
అక్కడ తెరకంటుకుని
సన్నటి నర్ది పొట్టు ఒకటి,
పిడి మీదనుంచి లేచిన వంపుతోనే.

తుడవబుద్ధి కాలేదు.