ఇరవై ఒకటో రోజు

నా గది నంబరు నాలుగు.
తలుపు మీద పేరుండదు, వేళలుంటాయి:
తొమ్మిది నుంచి పన్నెండు దాకా.
బ్రెమర్‌హావెన్ కార్మిక న్యాయస్థానంలో
లాయరు లేనివాళ్ళు చెప్పుకునేదాన్ని
జడ్జీలు చదివే వాక్యాల్లోకి మార్చి
టైపు చెయ్యడం నా ఉద్యోగం.
సలహా ఇవ్వకూడదు.
రోజులు లెక్కపెట్టొచ్చు.

మంగళవారం, పదకొండుంబావుకి వచ్చింది
ఆన్నెకె ట్యార్క్స్.
కోటు ఒక చేతికే తొడుక్కుంది.
కుడిచెయ్యి మోచేతి దాకా కట్టులో ఉంది.
సంచీలోంచి కవరు తీసి బల్ల మీద పెట్టింది.
దానికి రొట్టెపొడి అంటుకుని ఉంది.

"రొట్టెల డబ్బాలో పడేశాను,
ఇంట్లో మూత సరిగ్గా పడేది అదొక్కటే."

ఇరవై రెండేళ్ళు హెర్రింగ్ చేపల వెన్ను తీసిన చెయ్యి.
మంచునీళ్ళు, కత్తి, కదిలే బెల్టు, మళ్ళీ కత్తి.
రాత్రుళ్ళు వేళ్ళు మొద్దుబారితే
పక్కమీద దులుపుకుని పడుకునేదట.
కాఫీ కప్పులు వరసగా మూడు పగిలాక గానీ
డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు.
ఆపరేషను. ఎనిమిది వారాల సెలవు.
ఐదో వారంలో ఉత్తరం.

గోరుచుట్టు మీద రోకటిపోటు.
నా ఫారంలో సామెతలకి గడి లేదు.

"సెలవులో ఉన్నవాళ్ళని తియ్యకూడదు కదా!
డాక్టరు చీటీ పంపాను కదా!"
ఈ కుర్చీలో కూచున్న ప్రతివాళ్ళూ
ముందు అనే మాట ఇదే.
జబ్బుని గొడుగనుకుంటారు.
కాదు.
ఉత్తరం జ్వరంలో రావచ్చు,
కుట్లు విప్పకముందే రావచ్చు.
వచ్చిందల్లా నిలబడుతుందని మాత్రం లేదు.
నిలదీసి కారణం అడగొచ్చు.
అడగడానికి మూడు వారాలు.
అడక్కపోతే
తప్పుడు ఉత్తరం కూడా ఒప్పై కూచుంటుంది.

"ఎప్పుడు విప్పారు?"
"మొన్న గురువారం, పళ్ళతో."
"డబ్బాలో ఎప్పుడు పడింది?"
ఆమె కిటికీ వైపు చూసింది.
లెక్క విప్పిన రోజు నుంచి కాదు, పడిన రోజు నుంచి.
గోడమీది క్యాలెండరులో వెనక్కి నడిచాం,
నా వేలు ముందు, ఆమె ఎడమచేతి వేలు వెనక.
చెత్తబండి వచ్చిన మంగళవారం, గుర్తుంది,
ఫిబ్రవరి మూడు.
ఏడూ, పధ్నాలుగూ, ఇరవై ఒకటీ.
ఇవాళ.
గడియారంలో పదకొండూ నలభై రెండు.

టైపు మొదలుపెట్టాను.
"కంపెనీలో కార్మిక మండలి ఉందా?"
"నురెట్టిన్ ఉన్నాడుగా, పొగబెట్టే సెక్షన్‌లో."
"మిమ్మల్ని తీసేముందు ఆయన్ని అడిగారా?"
మొదటిసారి నవ్వింది.
"నిన్న బస్సులో కనబడ్డాడు.
ఎప్పుడొస్తున్నావు,
నీ కత్తి సానబట్టి ఉంచాను, అన్నాడు."

అతనికి తెలియదు.
కొట్టాను: మండలి అభిప్రాయం తీసుకోకుండానే
తొలగించారని ఫిర్యాదీ వాదన.
నిర్జీవమైన వాక్యమే.
నా పదిహేనేళ్ళలో ఇలాంటి వాక్యం దగ్గర
పెద్ద పెద్ద కంపెనీలు తడబడ్డం చూశాను.
ఆ మాట ఆమెతో అనకూడదు.

"నేను బాగా చేసేదాన్నని కూడా రాయండి."
"దానికి చోటు లేదండీ."
"చేపకి పధ్నాలుగు సెకన్లు. ముల్లు మిగలదు."
పదకొండూ యాభై ఒకటి.
రాశాను.
పై అంతస్తులో ఎవరైనా ఎర్రగీత గీస్తే గీయనీ.
అక్కడికెళ్ళిన కాగితాలు నా గదికి తిరిగి రావు,
ఏ కేసు ఏమైందో నాకు తెలియదు.

ప్రింటరు వేడిగా కక్కిన కాగితం మీద
ఆమె కలాన్ని ఎడమచేత్తో పట్టుకుంది.
నాలిక పంటికింద పెట్టుకుని
ఒక్కో అక్షరాన్నీ ఎక్కించింది,
తడిమెట్ల మీద బకెట్టు మోసినట్టు.
ట్యార్క్స్‌లో చివరక్షరం గీత దాటి కిందికి జారింది.

"ఇది నా సంతకంలా లేదు," అంది.
"చెల్లుతుందా?"

నేను సలహా ఇవ్వకూడదు.
సొరుగులోంచి ముద్ర తీసి,
తారీఖు చక్రం ఇరవై నాలుగు మీద ఉందో లేదో చూసి,
గట్టిగా కొట్టాను.