ప ఫ బ భ మ

ముప్పయ్యేళ్లుగా నా మొహంతో ఎవరికీ పని పడలేదు.
సాలిగ్రామంలో, గోడలకు మెత్తలు కొట్టిన గదిలో,
తెర మీది అమ్మాయి పెదాలు కదిలినప్పుడల్లా
నవ్వాను, అలిగాను, కొండ మీంచి దూకుతూ అరిచాను.
ఆ అమ్మాయిలకు ఎప్పుడూ ఇరవై రెండే.
నాకు మొన్న ఫాల్గుణంలో యాభై మూడు నిండాయి.

ఇప్పుడెవరో కుర్రాళ్లు కెమెరాతో వస్తామన్నారు,
గొంతు వెనకాల మనిషిని చూపిస్తాం మేడమ్, అని.
ఆ రాత్రి అద్దంలో ఆ వెనకాల మనిషిని చూశాను.
దవడ కింద చర్మం
పిండకుండా దండెం మీదేసిన వాయిలు చీర అంచులా
జారి ఉంది.

కత్తి వద్దు, సూది వద్దు అనుకున్నాను.
శబ్దంతో బిగిస్తారట, చెవికి అందని శబ్దంతో.
నవ్వొచ్చింది.
ఇన్నాళ్లూ అమ్ముకున్న సరుకే, ఇక కొనుక్కోవాలి.

మొదటిది నుంగంబాక్కంలో.
కూర్చోగానే దోసకాయ ముక్క వేసిన నీళ్లు.
"ఈ వారం ఆఫర్, ముఖం చేయించుకుంటే మెడ ఫ్రీ."
కందిపప్పుకి గరిటె ఫ్రీ అన్నట్టు.
యంత్రం ఎక్కడిదన్నాను. ఇంపోర్టెడ్ అంది.
ఏ దేశం నుంచో ఆ పిల్లకీ ఎవరూ చెప్పలేదట.

రెండోది వడపళని మెట్రో పక్కన, సగం ధర.
గోడ నిండా ముందు, తర్వాత ఫోటోలు.
చీకటి గదిలో పనిచేసేదాన్ని, వెలుతురు సంగతి నాకు తెలుసు:
ముందు ఫోటోకి నెత్తి మీద ట్యూబులైటు,
తర్వాత ఫోటోకి ఎదురుగా దీపం, కాస్త ఎత్తిన గడ్డం.
గడ్డం ఎత్తుకోవడానికి ఇంట్లో డబ్బులడగరు.

మూడోది అడయారులో, మేడ మీద, లిఫ్టు లేదు.
డాక్టర్ ఇళవరసి రెండు వేళ్లతో నా దవడ పట్టుకుని
చివర విరవకుండానే బెండకాయ ముదురో లేతో
తేల్చేసేవాళ్లలా చూసింది.
"ఇక్కడ చర్మం జారింది. ఇక్కడున్నది కొవ్వు, దీని జోలికి నేను పోను.
పాతికేళ్లు వెనక్కి రావు. రెండో మూడో రావచ్చు,
అదీ మూడు నెలలు ఆగితే. కొందరికి అదీ రాదు."
ఎంత లోతుకు దిగుతుందో కాగితం మీద గీసింది.
నాలుగున్నర మిల్లీమీటర్ల దగ్గర పెన్ను ఆగింది.
"మీరేం పని చేస్తారు?"

ముందు ఇద్దరూ అడగని మాట.
చెప్పాను.
పెన్నుకి మూత పెట్టేసింది.
"ఈ అంచు మీదుగా ఒక నరం పోతుంది.
అరుదే. కానీ తగిలితే
కొన్ని వారాలు కింది పెదవి ఒకవైపు మాట వినదు."

మాట వినని పెదవి!
నాకు చటుక్కున పలక గుర్తొచ్చింది, పలక మీద ఆ వరస,
రెండు పెదాలూ కలవందే పుట్టని అక్షరాలు.
"పో" అనలేకపోతే ఎలా అలగను?
"బావా" అని పిలవలేని దాన్ని ఎవరు పిలిచి పనిస్తారు?

"అయితే ఆ అంచు వదిలేయండి," అన్నాను.
"వదిలేస్తే మీరొచ్చిన పని సగమే అవుతుంది," అంది,
"డబ్బులూ సగమే."
నా మొహం ఆమెకే ఇచ్చాను.

చల్లటి జెల్లీ. గీతకో బీప్.
వినబడేది బీప్, పని చేసేది ఇంకేదో.
చెంప ఎముక మీద వేడి ఇసుక రేణువు పెట్టి తీసినట్టు,
మళ్లీ, మళ్లీ.
నర్సు తెన్మొళి నా చెయ్యి పట్టుకుని
"ఇన్నుం పత్తు లైన్ దాన్ అమ్మా" అంటుంటే
లెక్క తప్పాను, ఎప్పుడూ ఒక్క లూపూ తప్పనిదాన్ని.

కెమెరావాళ్లు మంగళవారమే వస్తారు.
మూడు నెలలాగమని వాళ్లకి చెప్పలేదు.

మర్నాడు స్టూడియోలో బాబ్జీ లైట్లు ఆర్పాడు.
బుగ్గలు కాస్త ఉబ్బున్నాయి, చీకట్లో ఎవరికి కావాలి?
హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తెర వెలగకముందే,
ప. ఫ. బ. భ. మ.

"లెవెల్ చెక్కా మేడమ్?"
అవునన్నాను.
దవడ కింద చీర అంచు అలాగే ఉంది.
తెర మీద ఇరవై రెండేళ్ల పిల్ల నోరు తెరిచింది.